కూలిన గుడి, కూలని తెర

జెరూసలేంలోని యూదుల దేవాలయం క్రీ.శ. 70లో రోమన్ సైన్యం చేతిలో తగలబడిపోయింది. అప్పటినుంచీ యూదు మతంలో బలిపీఠం లేదు, బలి లేదు, బలి అర్పించే యాజకుడూ లేడు. పంతొమ్మిదిన్నర శతాబ్దాలుగా లేని గుడి అది. అయినా ఆ గుడి పేరు చెప్పి ఇవాళ్టికీ ఒక స్త్రీ గొంతెత్తి ప్రార్థన చదవకూడదంటున్నారు. ధర్మశాస్త్రపు చుట్టను చేతుల్లోకి తీసుకోకూడదంటున్నారు. విడాకులు పొందిన స్త్రీ తనకు నచ్చినవాణ్ణి పెళ్లాడటానికి వీల్లేదంటున్నారు - అతను ఆ గుడి యాజకుల వంశంలో పుట్టాడు గనుక!

లేని గుడికి ఇంత అధికారం ఎక్కణ్ణుంచి వచ్చింది? 'అది వాళ్ల మత విశ్వాసం, మనకెందుకు' అని కొందరు తప్పుకుంటారు. 'యూదు మతమే అంత, ఆడదాన్ని అణగదొక్కింది' అని మరికొందరు తేల్చేస్తారు. రెండూ పని జరగనిచ్చే మాటలు కావు. గుడి కూలినప్పుడు దాని నియమాలన్నీ దానితో పాటు కూలలేదు, అన్నీ మిగల్లేదు కూడా. ఏది వదిలెయ్యాలో, ఏది వుంచాలో మనుషులే కూర్చుని తేల్చారు. ఆ కూర్చున్నవాళ్లు మగవాళ్లు. మగవాళ్ల శరీరాలకు ఇబ్బందిగా వున్న నియమాలు చాలావరకు 'ఇప్పుడు గుడి లేదు కదా' అన్న కారణంతో జారిపోయాయి. స్త్రీల శరీరాలకు సంబంధించినవి 'ఆనాటినుంచీ వస్తున్న ఆచారం' అన్న కారణంతో నిలబడ్డాయి. కొన్ని మరింత బిగిశాయి. గుడి లేకపోవడం ఒకరికి సడలింపు, మరొకరికి సంకెల ఎలా అయిందో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

గుడిలో ఆడవాళ్లు ఎక్కడున్నారు?

సొలొమోను కట్టించాడని చెప్పే మొదటి గుడిని క్రీ.పూ. 586లో బాబిలోనియన్లు కూల్చారు. చెరనుంచి తిరిగొచ్చినవాళ్లు క్రీ.పూ. 515 ప్రాంతంలో రెండో గుడి పూర్తిచేశారు. దాన్ని హేరోదు రాజు క్రీ.పూ. 20 ప్రాంతం నుంచి బ్రహ్మాండంగా విస్తరింపజేశాడు. అది పూజాస్థలం మాత్రమే కాదు. ఉదయం, సాయంత్రం గొర్రెపిల్ల బలి. పస్కాకీ, వారాల పండుగకీ, పర్ణశాలల పండుగకీ యాత్రికుల రద్దీ. ఇరవై యేళ్లు నిండిన మగవాళ్లనుంచి ఏటా అర షెకెలు పన్ను. ఖజానా, పక్షుల అంగడి, డబ్బు మార్చే బల్లలు - ఒక మతానికీ ఒక ఆర్థిక వ్యవస్థకీ కూడా అదే కేంద్రం. పన్ను కట్టే బాధ్యత స్త్రీలకూ, బానిసలకూ, పిల్లలకూ లేదు. ఇస్తే మాత్రం పుచ్చుకునేవాళ్లు. ఈ ముగ్గురూ ఒకే వరసలో రావడం గమనించండి. యూదు ధర్మశాస్త్ర చర్చల్లో ఈ వరస పదేపదే కనిపిస్తుంది. స్త్రీలనూ శూద్రులనూ ఒకే గాట కట్టిన ధర్మశాస్త్రాలు తెలిసిన మనకు ఇదేమీ కొత్త కాదు.

గుడి కట్టడమే ఒక సామాజిక నిచ్చెన. బయటి ప్రాకారం దాకా ఎవరైనా రావచ్చు. అక్కడొక అడ్డుగోడ, దాన్ని దాటిన అన్యజనుడికి మరణమే అని గ్రీకు భాషలో చెక్కిన హెచ్చరిక రాయి 1871లో దొరికింది. గోడ దాటితే స్త్రీల ఆవరణ. అక్కణ్ణుంచి పదిహేను మెట్లెక్కితే నికానోరు ద్వారం, ఆ తర్వాత మగవాళ్ల ఆవరణ, యాజకుల ఆవరణ, చివరికి అతి పరిశుద్ధ స్థలం. అందులోకి ప్రధాన యాజకుడొక్కడే, అదీ ప్రాయశ్చిత్త దినాన మాత్రమే వెళతాడు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మసంకలనం ఇచ్చిన కొలతల ప్రకారం స్త్రీల ఆవరణ 135 మూరల పొడవు, 135 మూరల వెడల్పు. మగవాళ్ల ఆవరణ వెడల్పు పదకొండు మూరలే. అంటే జాగా తక్కువై స్త్రీలను బయట నిలబెట్టలేదు. అసలు స్త్రీల ఆవరణలో మగవాళ్లూ తిరిగేవాళ్లు. తేడా అంతా పదిహేను మెట్ల దగ్గరే వుంది.

ఈ మెట్లు అనాదిగా వున్నవేనా? సొలొమోను గుడిని బైబిలు ఎంతో వివరంగా వర్ణిస్తుంది. ఆ వర్ణనలో స్త్రీల ఆవరణ అనే మాటే లేదు. అంతకుముందటి ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గర సేవ చేసే స్త్రీలున్నారనీ, వాళ్ల అద్దాలతోనే ఇత్తడి గంగాళం చేశారనీ నిర్గమకాండం చెబుతుంది. యోషీయా రాజు కాలంలో గుడిలో ధర్మశాస్త్ర గ్రంథం దొరికినప్పుడు అది దేవుడి మాటేనా అని తేల్చుకోవడానికి ప్రధాన యాజకుడు హిల్కీయా అంతటివాడు హుల్దా అనే ప్రవక్త్రి ఇంటికి వెళ్లాడు. ఏ గ్రంథాన్ని ముట్టుకోవద్దని ఇవాళ స్త్రీలను ఆపుతున్నారో, ఆ ధర్మానికి సాక్ష్యం పలికింది ఒక స్త్రీ! గుడి దక్షిణ ద్వారాలకు మిష్నా చెప్పే పేరు కూడా హుల్దా ద్వారాలే.

శ్రమ సంగతి చూద్దాం. గుడి తెరలు నేసే స్త్రీలకు గుడి ఖజానా నుంచే కూలి ఇచ్చేవారని తల్ముద్ చెబుతుంది. తెర నేసిన చేతులకు కూలి దొరికింది గానీ, ఆ తెర వేలాడే చోటికి వెళ్లే హక్కు దొరకలేదు. గుళ్లు కట్టిన కూలీలూ, దేవుడి బట్టలు నేసిన చేనేతవాళ్లూ గడప బయట నిలబడ్డ చరిత్ర మనది కూడా.

మైల ఎవరికి మిగిలింది?

లేవీయకాండం పన్నెండో అధ్యాయం ప్రకారం మగపిల్లవాణ్ణి కన్న తల్లి నలభై రోజులు గుడికి దూరంగా వుండాలి. ఆడపిల్లను కంటే ఎనభై రోజులు. గడువు తీరాక ఒక గొర్రెపిల్లనూ ఒక పక్షినీ తేవాలి. పేదరాలైతే రెండు గువ్వలో, రెండు పావురపు పిల్లలో చాలు. మరియ తెచ్చింది ఈ పేదల అర్పణేనని లూకా సువార్త చదివే మన తెలుగు క్రైస్తవ స్త్రీలకు బాగా తెలుసు.

ఈ పక్షుల గురించి మిష్నాలో ఒక ఉదంతం వుంది. జెరూసలేంలో ఒకసారి జత పక్షుల ధర బంగారు దీనారాలకు ఎక్కింది. చాలా కాన్పులు అయిన స్త్రీలు ప్రతి కాన్పుకూ ఒక జత బాకీపడి వున్నారు. అప్పుడు రబ్బాన్ షిమోన్ బెన్ గమ్లియేల్ అనే పెద్ద, ఈ ధర పడిపోయేదాకా నిద్రపోనని ఒట్టు పెట్టుకుని, ఐదు కాన్పులైన స్త్రీ కూడా ఒకే అర్పణ తెస్తే చాలు, మిగతావి బాకీ కాదని తీర్పు చెప్పాడు. ఆరోజే జత ధర వెండి దీనారులో సగానికి దిగింది. ఈ కథను సాధారణంగా ఆ పెద్దమనిషి దయకు ఉదాహరణగా చెబుతారు. దయ వుంది, కాదనను. కానీ ఆ కథ ఇంకోటి కూడా చెబుతోంది. గుడి చుట్టూ వున్న అంగడి స్త్రీల పురుళ్ల మీద నడుస్తోంది. స్త్రీ రక్తాన్ని మైల అన్న నియమం ఆ మైలకు ఒక ధర కూడా కట్టింది. ఆ ధర భరించలేనంత పెరిగినప్పుడు నియమం మార్చడానికి ఒక్క రోజు సరిపోయింది. మార్చలేని ధర్మం అంటూ ఏదీ లేదు, మార్చే అధికారం ఎవరి దగ్గరుందన్నదే ప్రశ్న.

'మైల అంటే పాపం కాదు, గుడిలో అడుగుపెట్టే అర్హతకు సంబంధించిన మాట, మగవాళ్లకూ వుండేది' అని సమర్థించేవాళ్లున్నారు. నిజమే. లేవీయకాండం పదిహేనో అధ్యాయం ప్రకారం రేతస్సు స్రవించిన మగవాడికి సాయంత్రం దాకా మైల. శవాన్ని తాకినవాళ్లు ఆడైనా మగైనా ఏడు రోజులు మైల. నా ప్రశ్న ఆ తర్వాత ఏమైందని.

గుడి కూలింది. శవాన్ని తాకిన మైల తీరాలంటే ఎర్రని పెయ్య బూడిద కావాలి, అది లేదు, కాబట్టి అందరూ ఆ మైలలోనే వున్నట్టు లెక్క. దానివల్ల ఎవరికీ రోజువారీ జీవితంలో ఆటంకం లేదు. మగవాడు స్రావం తర్వాత స్నానం చేస్తేగానీ ధర్మశాస్త్రం చదవకూడదన్న పాత నియమం తల్ముద్ కాలానికే సడలింది. ధర్మశాస్త్ర వాక్యాలకు మైల అంటదని ఒక రబ్బీ చెప్పిన మాటను ఆధారం చేసుకున్నారు. ఇక ముట్టు? రజస్వలతో సంభోగం కూడదన్న నిషేధం గుడితో సంబంధం లేకుండా వేరేగా వుంది గనుక అది మిగిలింది. మిగలడమే కాదు, పెరిగింది. స్రావం ఆగిన తర్వాత మరో ఏడు 'శుద్ధ దినాలు' లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే మునక. అంటే నెలలో దాదాపు పన్నెండు రోజులు. ఈ అదనపు బిగింపు ఎవరు పెట్టారు? ఇశ్రాయేలు కుమార్తెలే తమ మీద తాము వేసుకున్నారట! తల్ముద్ మాట అది. ధర్మచర్చ సాగిన శతాబ్దాలన్నిట్లో స్త్రీలకు కర్తృత్వం దక్కిన అరుదైన సందర్భం, వాళ్ల కట్టు బిగించిన సందర్భమే.

మాటకు మైల అంటదన్న సూత్రం స్త్రీకి మాత్రం ఎందుకు వర్తించలేదు? శాస్త్రం ప్రకారమైతే వర్తించింది. పన్నెండో శతాబ్దపు మహాపండితుడు మైమోనిడీస్, ముట్టులో వున్న స్త్రీ కూడా ధర్మశాస్త్రపు చుట్టను పట్టుకుని చదవవచ్చని స్పష్టంగా రాశాడు. అయినా చాలా సమాజాల్లో ముట్టు రోజుల్లో ప్రార్థనామందిరానికి రాకూడదనీ, చుట్టను చూడనైనా కూడదనీ ఆచారాలు పుట్టుకొచ్చాయి. శాస్త్రం ఇచ్చిన హక్కును ఆచారం లాక్కుంది. తర్వాత ఆ ఆచారమే శాస్త్రంగా చలామణీ అయింది.

కొందరు యూదు స్త్రీలు ఈ ఎడబాటు రోజులు తమకు విశ్రాంతినీ, తమ శరీరం మీద తమకు కొంత అధికారాన్నీ ఇస్తాయంటారు. ఆ అనుభవాన్ని నేను కొట్టిపారెయ్యను. 'బయటున్న మూడు రోజులే నాకు సుఖం' అని మన ఇళ్లలో పెద్దవాళ్లు అనగా వినలేదా? కానీ విశ్రాంతి దొరకాలంటే మైలపడాల్సిందే అన్న ఇంట్లో, వద్దు అనాలంటే రక్తం సాక్ష్యం ఇవ్వాల్సిందే అన్న పడగ్గదిలో, మార్చాల్సింది ఆ ఇంటినీ ఆ పడగ్గదినీ. మైలను మెచ్చుకుంటూ కూర్చోవడం కాదు.

చేదు నీళ్లు

గుడికి స్త్రీ తనంతట తాను వెళ్లే సందర్భాలతో పాటు, ఆమెను లాక్కెళ్లే సందర్భం ఒకటుంది. భర్తకు అనుమానం కలిగితే చాలు, సాక్షులు లేకపోయినా, భార్యను యాజకుడి దగ్గరికి తేవచ్చని సంఖ్యాకాండం ఐదో అధ్యాయం చెబుతుంది. గుడి నేల మీది ధూళి కలిపిన నీళ్లలో, శాపం రాసిన సిరా కడిగి ఆమెచేత తాగిస్తారు. తప్పు చేసివుంటే పొట్ట ఉబ్బుతుంది, తొడ కృశిస్తుంది. మిష్నా ఈ క్రతువును నికానోరు ద్వారం దగ్గర నిలబెట్టి వర్ణిస్తుంది: యాజకుడు ఆమె బట్టలు పట్టి లాగుతాడు, జుట్టు విప్పుతాడు, చూడాలనుకున్నవాళ్లు వచ్చి చూడవచ్చు. ఇది గుడి కూలిన నూరేళ్లకు పైగా గడిచాక మగ పండితులు కూర్చిన వర్ణన. జరిపించే వీలే లేని క్రతువును ఇంత వివరంగా ఊహించుకోవడంలోనే వాళ్ల ఆలోచన తెలుస్తోంది. భార్యకు అనుమానం వస్తే భర్తచేత తాగించే నీళ్లు ఏ అధ్యాయంలోనూ లేవు. సీత నడిచిన నిప్పులు వేరు, ఈ నీళ్లు వేరు. నిరూపించుకోవాల్సింది మాత్రం రెండు చోట్లా ఆడదే.

యూదు మతం స్వీకరించిన అదియబెనె రాణి హెలెనా ఈ గుడికి బంగారు దీపం కానుకగా ఇచ్చిందనీ, అనుమానపు క్రతువుకు సంబంధించిన అధ్యాయం చెక్కిన బంగారు పలకను కూడా ఆమే చేయించి ఇచ్చిందనీ మిష్నా చెబుతుంది. ధనవంతురాలైన స్త్రీ గుడికి బంగారం ఇవ్వవచ్చు, ఆ బంగారం మీద ఆడజాతిని అనుమానించే శాసనం చెక్కుతారు. దాతృత్వం ద్వారా సమానత్వం వస్తుందని నమ్మేవాళ్లు ఈ పలకను గుర్తుపెట్టుకోవాలి.

ఈ క్రతువును ఆపింది ఎవరు? రబ్బాన్ యోహానాన్ బెన్ జక్కయ్. వ్యభిచారులు పెరిగిపోయారు గనుక చేదు నీళ్లు ఆపేశారని మిష్నా. అందుకు చూపిన ఆధారం హోషేయ ప్రవక్త మాట - మగవాళ్లే వేశ్యల వెంట తిరుగుతున్నప్పుడు కూతుళ్లనూ కోడళ్లనూ శిక్షించను అని దేవుడు అన్నట్టుగా వున్న వాక్యం. మగవాడి నీతితో ముడిపెట్టకుండా ఆడదాని నీతిని తూచలేమని గ్రహించడానికి రెండువేల ఏళ్ల కిందటి రబ్బీకి స్త్రీవాదం అవసరం కాలేదు. మోషే ధర్మంలో అక్షరాలా వున్న విధినే ఆపగలిగిన సంప్రదాయం, ధర్మంలో లేని తెరను తీయలేమని ఎలా అంటుంది?

తీయలేమన్నదాంట్లో మరొకటి వుంది. యాజకుడు విడాకులు పొందిన స్త్రీని పెళ్లాడకూడదని లేవీయకాండం. బలిపీఠం దగ్గర నిలబడేవాడి పవిత్రత కోసం పెట్టిన నియమం. బలిపీఠం పోయింది. కానీ ఇజ్రాయెల్ దేశంలో యూదుల పెళ్లిళ్లూ విడాకులూ 1953 చట్టం ప్రకారం రబ్బీల న్యాయస్థానాల చేతిలో వున్నాయి. దేశంలో పౌరవివాహం లేదు. అందుకని యాజక వంశంలో పుట్టిన ఒక బ్యాంకు గుమాస్తా, విడాకులు పొందిన ఒక టీచరును పెళ్లాడాలంటే వేరే దేశం పోయి రిజిస్టరు చేసుకు రావాలి. అతను జన్మలో ఒక్క గొర్రెపిల్లను బలివ్వడు. ఆమె మాత్రం లేని బలిపీఠానికి అశుద్ధం.

గుడి పోయింది, తెర పెరిగింది

గుడి పోయాక మతాన్ని బతికించుకోవడం మాటలు కాదు. ఆ పని చేసినవాళ్ల పట్ల నాకు గౌరవమే. బలికి బదులు ప్రార్థన వచ్చింది. ఉదయం, సాయంత్రం బలి వేళలే ప్రార్థన వేళలయ్యాయి. పస్కా గొర్రెపిల్ల స్థానంలో ఇంటి భోజనపు బల్ల వచ్చింది. ప్రార్థించేవాళ్లు జెరూసలేం వైపు తిరిగి నిలబడతారు. పెళ్లిలో గాజుపాత్ర పగలగొట్టి గుడిని తలుచుకుంటారు. అబ్ నెల తొమ్మిదో రోజున ఉపవాసముండి, నేల మీద కూర్చుని విలాపవాక్యాలు చదువుతారు. ప్రార్థనామందిరానికి 'చిన్న గుడి' అని పేరు పెట్టుకున్నారు. రాజ్యం, సైన్యం, యాజకవర్గం ఏవీ లేకుండా చదువుతో, జ్ఞాపకంతో ఒక జాతి నిలబడింది.

ఈ కొత్త ప్రార్థనకు నమూనా ఎవరు? షిలోహులో పిల్లల కోసం ఏడ్చిన హన్నా. పెదాలు మాత్రమే కదిలాయి, గొంతు వినబడలేదు. యాజకుడు ఏలీ ఆమె తాగి వుందనుకుని గద్దించాడు. ఆమె ఎదురు సమాధానం చెప్పింది. ప్రార్థన ఎలా చెయ్యాలో హన్నాను చూసి నేర్చుకోవాలని తల్ముద్ అంటుంది. ఆమె దగ్గర నేర్చుకున్నారు, ఆమె కూతుళ్లను మాత్రం ప్రార్థనకు కావలసిన పదిమంది లెక్కలోకి తీసుకోలేదు.

మరి తెర? బెర్నడెట్ బ్రూటెన్ 1982లో ప్రచురించిన పరిశోధనలో ప్రాచీన ప్రార్థనామందిరాలకు చెందిన 19 శాసనాల్లో స్త్రీలకు 'మందిరాధిపతి', 'పెద్ద', 'తల్లి' వంటి పదవీనామాలు వున్నట్టు చూపింది. స్మిర్నా నగరంలో రుఫీనా అనే యూదు స్త్రీ మందిరాధిపతి. ఇవి భర్తల హోదావల్ల వచ్చిన అలంకారాలని అంతకుముందు పండితులు తోసేశారు. ఆ మందిరాల్లో స్త్రీలకు వేరే అంతస్తు వుండేదనడానికి కూడా తగిన ఆధారం లేదని ఆమె వాదించింది.

తెరకు చూపే ఆధారం మళ్లీ గుడే. పర్ణశాలల పండుగలో నీళ్లు తోడే ఉత్సవం రాత్రి స్త్రీల ఆవరణలో దీపాలు పెట్టి పాటలు, నాట్యాలతో తెల్లవార్లూ జరిగేది. జనం కలిసి వేళాకోళాలు ఎక్కువయ్యాయని, మొదట స్త్రీలను లోపల మగవాళ్లను బయట, తర్వాత అటుదిటు మార్చి చూసి, ఫలించక చుట్టూ మిద్దె కట్టి స్త్రీలను పైకెక్కించారని తల్ముద్ చెబుతుంది. అంటే ఏడాదిలో ఒక్క పండుగ రద్దీకి చేసిన ఏర్పాటు. దాన్ని ఏడాది పొడవునా, ప్రతి ప్రార్థనకూ, ప్రతి ఊళ్లోనూ వర్తించే శాశ్వత విధిగా చేశారు. ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో రబ్బీ మోషే ఫైన్‌స్టైన్ అది సాక్షాత్తూ మోషే ధర్మవిధి అన్నంతదాకా వెళ్లాడు. అమెరికాలో మందిరాలు తెరలు తీసేస్తున్న కాలం అది. తెర కదులుతున్నప్పుడే దానికి అంత ప్రాచీనత అవసరమైంది.

యూదు స్త్రీలు మౌనంగా లేరు. 1935లో జర్మనీలో రెగీనా యోనాస్ మొట్టమొదటి స్త్రీ రబ్బీ అయింది. 1944లో నాజీలు ఆమెను ఆష్విట్జ్‌లో చంపారు. 1972లో అమెరికాలో శాలీ ప్రీశాండ్, 1985లో ఏమీ ఐల్‌బర్గ్ రబ్బీలయ్యారు. సంప్రదాయాన్ని వదిలిపోకుండా దాని లోపలే నిలబడి 'ఇది నాది కూడా' అన్న స్త్రీలు వీళ్లు.

గోడ దగ్గర

హేరోదు విస్తరింపజేసిన గుడి దిబ్బకు ఊతంగా కట్టిన పడమటి గోడ ఒకటి మిగిలింది. అది గుడి గోడ కాదు, దిబ్బను ఆపే గోడ. యూదులు శతాబ్దాలుగా ఆ రాళ్ల దగ్గరికొచ్చి ఏడ్చారు. పంతొమ్మిదో శతాబ్దపు ఫోటోలు చూడండి: ఇరుకు సందులో ఆడా మగా ఒకే చోట రాళ్లకు తలాన్చి వున్నారు. తెర లేదు. 1928 సెప్టెంబరులో ప్రాయశ్చిత్త దినాన తెర కట్టబోతే, ముస్లిం పెద్దలు ఇది స్థలాచారం కాదని అభ్యంతరం చెప్పారు, బ్రిటిష్ పోలీసులు దాన్ని పీకేశారు. ఆ వివాదం ముదిరి 1929 ఆగస్టు అల్లర్ల దాకా పోయింది. 133 మంది యూదులు, 116 మంది అరబ్బులు చనిపోయారు. 1948 నుంచి 1967 దాకా జోర్డాన్ పాలనలో యూదులను గోడ దగ్గరికే రానివ్వలేదు. 1967 యుద్ధం తర్వాతనే తెర శాశ్వతమైంది, గోడ రబ్బీల యాజమాన్యంలోకి వచ్చింది. ఇదీ ఆ 'అనాది ఆచారం' వయసు.

1988 డిసెంబరు 1న దాదాపు 70 మంది స్త్రీలు ధర్మశాస్త్రపు చుట్ట పట్టుకుని స్త్రీల భాగంలోకి వచ్చి బిగ్గరగా చదివారు. వాళ్లలో అన్ని శాఖలవాళ్లూ వున్నారు. మగవాళ్ల వైపుకు వెళతామని వాళ్లు అడగలేదు, తెర తియ్యమని కూడా అడగలేదు. ఇటువైపు మేము చదువుకుంటాం అన్నారు, అంతే. తిట్లు వచ్చాయి, ఆ తర్వాతి నెలల్లో కుర్చీలు వచ్చి పడ్డాయి. 'విమెన్ ఆఫ్ ది వాల్' అనే పేరుతో వాళ్లు కోర్టుకెళితే, ప్రభుత్వం 1989 చివర్లో స్థలాచారానికి విరుద్ధమైన ప్రార్థన చెయ్యకూడదని కొత్త నిబంధన తెచ్చింది. దాడి చేసినవాళ్లను ఆపడానికి కాదు, ప్రార్థన చేసినవాళ్లను ఆపడానికి! 2000లో సుప్రీంకోర్టు స్త్రీలకు హక్కుందంది. 2003లో అదే కోర్టు, ఐదుగురు ఒకవైపు నలుగురు ఒకవైపు చీలి, పక్కనున్న రాబిన్సన్ కమాను దగ్గర చోటు చూపించమంది. 2012 అక్టోబరులో సంస్థ నాయకురాలు అనాత్ హాఫ్‌మన్‌ను గోడ దగ్గర ప్రార్థన చేసినందుకు అరెస్టు చేశారు. 2013లో జిల్లా కోర్టు వాళ్ల ప్రార్థన స్థలాచారానికి విరుద్ధం కాదంది. 2016 జనవరిలో మంత్రివర్గం ఆడా మగా కలిసి ప్రార్థించే చోటుకు ఒప్పందం ఆమోదించింది. 2017 జూన్‌లో సంకీర్ణంలోని మతపార్టీల ఒత్తిడికి అదే మంత్రివర్గం దాన్ని ఆపేసింది. స్త్రీల హక్కు ప్రభుత్వాలకు బేరపు సరుకు. పక్షుల అంగడి ఇంకా మూతపడలేదు.

ఆ ఆవరణ ఎవరి ఇళ్ల మీద?

ఇక్కడ ఆగితే ఈ కథ సగమే చెప్పినట్టు. ఈ స్త్రీలు నిలబడి హక్కు అడుగుతున్న ఆ విశాలమైన ఆవరణ 1967 జూన్ దాకా లేదు. అక్కడ మగ్రిబీ పేట వుండేది. యుద్ధం ముగుస్తూనే ఇజ్రాయెల్ బుల్డోజర్లు దాదాపు 135 ఇళ్లను కూల్చాయి. ఖాళీచేయడానికి ఇచ్చిన వ్యవధి గంటల్లో. ఒక వృద్ధురాలు ఆ శిథిలాల్లో చనిపోయింది. గోడ పైన అల్-అక్సా మసీదు ఆవరణలో చదువుకుంటూ, కాపలా వుండే పాలస్తీనా స్త్రీల బృందాలను 2015 సెప్టెంబరులో ఇజ్రాయెల్ నిషేధించింది. కింద యూదు స్త్రీ గొంతు నొక్కినదీ, పైన ముస్లిం స్త్రీని గెంటినదీ ఒకటే రాజ్యం.

మూడో గుడి కట్టాలనే ఉద్యమాలూ పెరుగుతున్నాయి. శుద్ధి బూడిద కోసమని 2022లో అమెరికాలోని టెక్సాస్ నుంచి ఐదు ఎర్రని పెయ్యల్ని విమానంలో తెచ్చారు. ఈ ఉద్యమాల్లో స్త్రీలూ చురుగ్గా వున్నారు. బాబ్రీ మసీదు కూల్చినప్పుడు కాషాయం కట్టిన స్త్రీల గొంతులు విన్న మనకు ఇది ఆశ్చర్యం కాదు. గుడి కోసం పిలిచినప్పుడు స్త్రీ సైనికురాలు. గుడి కట్టాక ఆమె చోటు మళ్లీ పదిహేను మెట్ల కిందే. అందుకే పవిత్రస్థలంలో వాటా అడగడం న్యాయమే అయినా, ఆ స్థలం ఎవరిని తొలగించి పవిత్రమైందో అడగకుండా వాటా పుచ్చుకోవడం మాత్రం స్త్రీవాదం కాదు. ఇజ్రాయెల్‌లోనే ఈ మాట అనే యూదు స్త్రీలున్నారు. వాళ్లతో మన సంఘీభావం.

మన ఇంట్లో

ఇదంతా చదివి 'యూదుల ఛాందసం చూశారా' అనుకుంటే నేను రాసింది వ్యర్థం. యేసు వచ్చి యూదు స్త్రీని విడిపించాడని, యూదు ధర్మమే స్త్రీకి శత్రువని మన తెలుగు చర్చిల్లో ప్రసంగాలు వింటుంటాం. పితృస్వామ్యాన్ని యూదులు కనిపెట్టలేదు. ఆ నిందను యూదుల మీద వేసి తమ చేతులు కడుక్కోవడాన్ని యూదు స్త్రీవాది జూడిత్ ప్లాస్కో క్రైస్తవ స్త్రీవాదుల ముందే గట్టిగా ఎత్తిచూపింది. ఆమె మాట హిందువులమైన మనకూ వర్తిస్తుంది.

శబరిమలలో 10 నుంచి 50 యేళ్ల స్త్రీలు రాకూడదన్నది అనాది ఆచారమని 1991లో కేరళ హైకోర్టు ఒప్పుకుంది. 2018 సెప్టెంబరు 28న సుప్రీంకోర్టు కాదంది. 2019 జనవరి 1న కేరళ స్త్రీలు 620 కిలోమీటర్ల పొడవున చేతులు పట్టుకుని గోడకట్టారు. మర్నాడు ఇద్దరు స్త్రీలు గుడిలోకి వెళితే, తలుపులు మూసి శుద్ధి చేశారు. ఆ నవంబరులో కోర్టు ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి పంపింది. తీర్పు ఇస్తారు, వెనక్కి లాగుతారు. జెరూసలేంలోనూ ఇదే నడక. గుడి కేరళలో వుంది గానీ దాని నియమం తెలుగు ఇళ్లలో వుంది. ఏటా మాల వేసుకునే మన మగవాళ్ల దీక్ష నలభై ఒక్క రోజులు సాగాలంటే తెల్లవారకముందే లేచి మడిగా వండిపెట్టేది భార్య. ఆమెకు ముట్టొస్తే పక్కింటికో పుట్టింటికో పోవాల్సింది కూడా ఆమే. కొండ ఎక్కే పుణ్యం ఒకరిది, గడప దిగే మైల ఒకరిది.

'ఇది ఆచారం' అన్న మాట ఎవరు ఎక్కడ అన్నా మనం అడగవలసినవి అడుగుదాం. ఈ ఆచారం ఏ సంవత్సరం నుంచి? దీంతో పాటు వుండిన మిగతా ఆచారాల్లో వేటిని వదిలేశారు, వదిలింది ఎవరి వీలు కోసం? ఈ పవిత్రతకు నేతకూలి, వంటకూలి, పురిటికూలి ఎవరు కట్టారు? చరిత్ర చదివిన ఆడవాళ్లు ఈ ప్రశ్నలు వేస్తే జవాబు చెప్పలేక కుర్చీలు విసురుతారు. విసరనివ్వండి. మందలో గొంతు కలపకుండా ఏలీకి ఎదురు చెప్పిన హన్నా ప్రార్థనే చివరికి అందరి ప్రార్థన అయింది. మన ప్రశ్నలు గట్టిగానే అడుగుదాం, వినబడేట్టు.